జక్కవలు వెళ్ళిపోయాక

పందొమ్మిదేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. పద్యంలో జక్కవ అన్న మాట వచ్చినప్పుడల్లా, 'జక్కవ అంటే చక్రవాకం. పగలు జంటగా తిరిగి, రాత్రయితే విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకునే పక్షి' అని అర్థం చెప్పి తరువాతి పాదానికి వెళ్ళేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. అది ఎంత ఉంటుంది, ఏ రంగు, ఏం తింటుంది అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

మూడేళ్ళ కిందట, శివరాత్రి వెళ్ళిన ఆదివారం పొద్దున, బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద నిలబడి మా తమ్ముడి బైనాక్యులర్‌లో దాన్ని మొదటిసారి చూశాను. నీటి అంచున రెండు పక్షులు. మామూలు బాతు కంటే పెద్దవి. కాలిన ఇటుక రంగు ఒళ్ళు. మెడ దాటి తల దగ్గరకు వచ్చేసరికి ఆ రంగు పలచబడి మీగడలా తెల్లబారింది. ఒకటి రెక్క విప్పింది. రెక్క ముందు భాగమంతా తెలుపు, కొసలు నలుపు, ఆ నలుపు పక్కనే ఎండ తగిలి పచ్చటి మెరుపు. పక్షుల పుస్తకం తీసి సరిచూసుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ నేను అర్థం మాత్రమే చెప్పుకుంటూ వచ్చిన మాట, మా ఇంటికి ఇంత దగ్గర్లో, బురదలో ముక్కు పెట్టి మేస్తోంది.

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ మాఘం నుంచి చైత్రం దాకా ఈ చెరువుకు వెళ్తున్నాను. ఈసారి చూసినవి రాసిపెట్టుకోవాలని ఇది మొదలుపెట్టాను.

అనంతపురం నుంచి స్కూటీ మీద పావుగంట దారి. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగుకు అడ్డంగా ఈ కట్ట వేయించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ రెండో ఊరే మా అనంతపురం. కట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణం అర్పించిన ముసలమ్మ కథ ఇక్కడిదే. కట్ట ఎక్కగానే మొదట ఆమెకు దండం పెట్టుకుని, ఆ తర్వాతే బైనాక్యులర్ తీస్తాను.

ఇది అభయారణ్యం కాదు. టికెట్టు లేదు, కావలి గోపురం లేదు, పక్షుల బొమ్మలు వేసిన బోర్డు లేదు. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవం అని పత్రికలు కొల్లేరు గురించి రాస్తాయి. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాకు 2002లో ఎక్కిన సరస్సు అది, దాని గొప్ప దానిది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన చూసే మా సీమలో మాత్రం, రాజులు రైతుల కోసం తవ్వించిన చెరువులే పక్షులకు దిక్కు. పక్షుల కోసం ఎవరూ ఏమీ కట్టలేదు. అయినా అవి వస్తున్నాయి.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం గురించి ఇక్కడ చెప్పాలి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం అది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను రాతి మీద చెక్కించాడు. చెరువు మధ్యలో మిట్ట ఉండడం ఆ దోషాల్లో ఒకటి. నీటి లెక్క చూసుకునేవాళ్ళకు అది న్యాయమే. మిట్ట ఎంత ఉంటే అంత నీరు తక్కువ. కానీ మార్చిలో నీరు తగ్గి మా చెరువులో అక్కడక్కడా దిబ్బలు తేలినప్పుడు, వాటి మీద రాత్రి తలదాచుకునే పక్షులను చూస్తాను. కుక్క రాలేదు, నక్క రాలేదు, మనిషి రాడు. రైతుకు దోషమైంది పక్షికి కోట. ఆ శాసనం తలచుకున్నప్పుడల్లా ఈ దిబ్బలే గుర్తొస్తాయి.

వసంతం గురించి వ్యాసం రాయమంటే మా పిల్లలు మామిడి చిగురు, కోకిల కూత, వేప పూత అని రాస్తారు. తప్పేమీ కాదు. కానీ మా చెరువు దగ్గర వసంతం చెట్టుకు రాదు, నీటి అంచుకు వస్తుంది. తూము రాళ్ళ మీద తడి గీత ఎక్కడుందో చూసి నెల చెప్పవచ్చు. ఈ ఏడాది ఫిబ్రవరి మొదటి ఆదివారం నుంచి మార్చి నెలాఖరు లోపు ఆ గీత ఏడు వరసల రాళ్ళు దిగింది. దిగిన ప్రతి వరసకూ చెరువులో కాపురం మారింది.

నీరు నిండుగా ఉన్నప్పుడు మధ్యలో బొల్లికోళ్ళు. నుదుట తెల్లటి బొల్లి, మిగతా ఒళ్ళంతా బొగ్గు నలుపు. వాటి పక్కన సూదితోక బాతులు, గరిటెలాంటి ముక్కున్న బాతులు. ఫిబ్రవరిలో ఒక పొద్దున గద్ద జాతి పక్షి ఒకటి తుంగ మీదుగా బారెడు ఎత్తులో తేలుతూ వచ్చింది. అంతవరకూ చెదిరి మేస్తున్న బొల్లికోళ్ళు క్షణంలో ఒక్కచోట ముద్దకట్టాయి. వందలాది తలలు, ఒకే నల్లటి చాప. గద్ద ఆ చాప చుట్టూ మూడుసార్లు తిరిగింది. విడిగా చిక్కినదాన్ని తప్ప గుంపులోంచి దేన్నీ అందుకోలేదు కాబట్టి, ఆ రోజు ఉత్త కాళ్ళతోనే పోయింది. అదే నెలలో తలపై రెండు నల్లటి చారలున్న బాతులు పదిహేడు దిగాయి. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలు చేసి హిమాలయాల మీదుగా మనవైపు వచ్చేవి ఇవే. 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు పరికరాలు కట్టి నమోదు చేశారు. మా చెరువులో మాత్రం ఆ పదిహేడూ గట్టు కింద గడ్డి కొరుకుతూ, మేకల పక్కన మేకల్లాగే ఉన్నాయి.

నీరు మోకాటి లోతుకు వచ్చాక ఎర్రకాళ్ళ కొంగల వంతు. పసుపు ముక్కు, నారింజ రంగు ముఖం, వీపు వెనక గులాబీ ఈకలు. ముక్కు సగం తెరిచి నీటిలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. చేపను కళ్ళతో వెతకదు. ముక్కుకు తగిలిన క్షణంలో మూసేస్తుంది. అందుకే దానికి లోతు నీరు పనికిరాదు. చేపలన్నీ చిన్న మడుగుల్లోకి చేరే ఈ ఆరువారాలే దానికి పండగ.

ఈ కొంగలు గూళ్ళు కట్టే చోటు చూడాలని ఒక ఆదివారం వీరాపురం వెళ్ళివచ్చాం. హిందూపురం వైపు, చిలమత్తూరు మండలం. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఊరి నడిమధ్య చింతచెట్ల నిండా గూళ్ళు. చెట్ల కింద నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది, నీచు వాసన ముక్కుకు గట్టిగానే తగులుతుంది. అయినా ఆ చెట్ల కిందే వాకిళ్ళు, అరుగులు, దండేల మీద బట్టలు. ఇబ్బందిగా లేదా అని ఒక పెద్దామెను అడిగితే, "కాన్పుకొచ్చిన ఆడపిల్లలమ్మా. ఇల్లు పాడవుతుందని కూతుర్ని రావద్దంటామా?" అంది. ఆమె ఆ మాటను అలవాటుగా అనలేదు. చెప్తూనే తలెత్తి గూళ్ళ వైపు చూసింది, పేరుపేరునా తెలిసినట్టు.

మళ్ళీ జక్కవల దగ్గరికి వస్తాను. ఈసారి మూడు జంటలు వచ్చాయి. ఫిబ్రవరి చివర ఒక పొద్దున మగపక్షి ఎండకు ఎదురుగా మెడ చాచినప్పుడు, మెడ చుట్టూ సన్నని నల్లటి గీత కనిపించింది. నూలుపోగు కట్టినంత సన్నం. జనవరిలో అది లేదు. జత కట్టే కాలం దగ్గరపడితే మగదానికి ఆ పట్టీ వస్తుంది. ప్రతి వారం ఆ గీత ముదురుతూ వచ్చింది. అది ముదిరేకొద్దీ వెళ్ళిపోయే రోజు దగ్గరపడుతోందని నాకు తెలుసు. లడఖ్, టిబెట్ ఎత్తుల్లో బండరాళ్ళ సందుల్లో, బొరియల్లో గుడ్లు పెట్టే పక్షి అది. మన కవులకు దాని చలికాలమే తెలుసు, దాని ఇల్లు తెలియదు.

ఒక సాయంత్రం మా ఆయన్ను వెంటబెట్టుకుని చీకటి పడేదాకా కట్ట మీదే కూర్చున్నాను. రాత్రి నిజంగా విడిపోతాయా అని చూడాలనిపించింది. ఎండ వాలాక కాసేపు జంటలుగానే ఉన్నాయి. వెలుతురు తగ్గేకొద్దీ మేత కోసం ఒకటి ఇటు, ఒకటి అటు నడవసాగాయి. ఆ తర్వాత కంటికి ఏమీ ఆనలేదు. చీకట్లోంచి 'ఆంగ్' అని ఒక పిలుపు. ముక్కుతో పలికినట్టు, కొంచెం బొంగురుగా. చాలాసేపటికి చెరువు అవతలి పక్క నుంచి ఇంకో 'ఆంగ్'. మళ్ళీ మొదటిది. అలా గంటసేపు. కవులు చూసి రాయలేదు, విని రాశారు. ఇలాంటి ఏ గట్టు మీదో చీకట్లో కూర్చుని, ఆ రెండు గొంతుల మధ్య ఉన్న నీటిని కూడా విని రాశారు. మరునాడు తొమ్మిదో తరగతిలో ఆ పిలుపు అనుకరించి వినిపించాను. ఈసారి ప్రశ్నలు ఆగలేదు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు వెళ్తే జక్కవలు లేవు. చారల తల బాతులు అంతకు ముందే పోయాయి. గులాబీ రంగు గోరింకలు మాత్రం ఇంకో పదిరోజులు ఉన్నాయి; సాయంత్రం సర్కారు తుమ్మల మీద వాలేముందు ఆకాశంలో పొగలా చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకునేవి. అవీ వెళ్ళాయి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పొద్దున వెళ్ళడం కుదరదు. ఎండ తగ్గాక నాలుగున్నరకు బయలుదేరుతాను. అప్పటికి నీరు వదిలిన చోట బురద ఎండి, బీటలు తీసి, పెంకుల్లా లేచి ఉంటుంది. వచ్చిన పక్షులన్నీ పోయాయి, ఇక చూడడానికేముంది అనుకుని మొదటి ఏడాది నేను కూడా మానేశాను. ఎంత పోగొట్టుకున్నానో ఈ ఏడాది తెలిసింది.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు సాయంత్రాలు వాళ్ళ నాన్నతో చెరువులోకి గొర్రెలు తోలుకొస్తాడు. వాడే చెప్పాడు: "మేడం, తీతువు గుడ్లు పెట్టింది. కానీ చూపిస్తే మీకు కనబడవు." నిజంగానే కనబడలేదు. వాడు వేలు పెట్టి చూపిన చోట గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు. వంగి, కన్ను అలవాటు పడేదాకా ఆగితే, ఆ రాళ్ళలో నాలుగింటికి ఒకే ఆకారం. బొంగరాల్లా ఒక కొస సన్నం. నాలుగు కొసలూ లోపలికి తిరిగి, పువ్వు రేకుల్లా అమరి ఉన్నాయి. మట్టి రంగు మీద నల్లటి మరకలు. గూడు అనడానికి పుల్ల లేదు, గడ్డి లేదు. అరచేతి లోతు గుంట, చుట్టూ నాలుగు చిన్న రాళ్ళు, రెండు మేకపెంటికలు, అంతే. తల పైన తీతువులు రెండూ గోల పెడుతున్నాయి. వెంటనే వెనక్కి వచ్చేశాం.

తీతువు అంటే మా ఇళ్ళలో చెడ్డ పేరు. రాత్రిపూట అది అరుస్తూ ఇంటి మీదుగా పోతే ఏదో కీడు జరుగుతుందని మా అత్తగారు లేచి కూర్చునేవారు. నిజానికి అది రాత్రి కూడా మేతకు తిరిగే పక్షి. కుక్కో, మనిషో, పామో కంటబడితే అరుస్తుంది. అంతకు మించి దానికి మనతో పనిలేదు. సముద్రుడు గుడ్లు ఎత్తుకుపోతే సముద్రంతోనే తగువు పెట్టుకున్న టిట్టిభం కథలోని పక్షి ఇదే. ఆ కథ చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు, అంత చిన్న పిట్టకు అంత పొగరా అని. ఈ నెల రోజులూ దాన్ని చూశాక ఆ కథ నాకు నవ్వులాట కాదు.

నూట యాభై అడుగుల దూరంలో, తుమ్మచెట్టు నీడలో కూర్చుని చూసేదాన్ని. నల్లటి గొంతు, తెల్లటి చెంప, కంటి ముందు ఎర్రటి కండ, పొడుగాటి పసుపు కాళ్ళు. ఆ రోజుల్లో అనంతపురంలో ఎండ నలభై డిగ్రీలకు అడుగు దూరంలో ఉంది. నేల మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఆ నేల మీద గుడ్లు. పక్షి పొదుగుతోంది అంటే వేడి ఇస్తోంది అనుకుంటాం కదా. ఇది నీడ ఇస్తోంది. కాసేపటికి లేచి, వంచిన తలతో పరిగెత్తి మడుగు దగ్గరకు పోయింది. తాగుతుందనుకున్నాను. నీటిలో కాళ్ళు మడిచి కూర్చుని, పొట్ట అటూ ఇటూ కదిపి ఈకలు తడుపుకుంది. తడిసిన పొట్టతో మళ్ళీ పరిగెత్తుకొచ్చి గుడ్ల మీద కూర్చుంది. బైనాక్యులర్‌లో పొట్ట ఈకల కొసన నీటి చుక్కలు వేలాడడం కనిపించింది. ఒక చుక్క గుడ్డు మీద పడి, చూస్తుండగానే ఇగిరిపోయింది. గంటలో అయిదుసార్లు వెళ్ళివచ్చింది. మధ్యలో జత పక్షి వచ్చి దిగితే ఇది లేచింది, అది కూర్చుంది; దాని పొట్ట కూడా తడిగానే ఉంది.

మార్చి ఆఖరి వారంలో ట్రాక్టర్లు దిగాయి. చెరువు ఎండగానే ఒండ్రుమట్టి తోలుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. పొలానికి అంతకు మించిన ఎరువు లేదు, పూడిక తీస్తే చెరువుకూ మేలే. ఇటుక బట్టీలకు లోడ్ల మీద లోడ్లు తరలిపోవడం మాత్రం నాకు మనసుకు పట్టదు. లోతుగా తవ్విన గుంతల్లో ముందు నీరు నిలిచి, మెల్లగా వాలే అంచు పోతుంది. ఆ మెల్లగా వాలే అంచులోనే కొంగలు, ఉల్లంకులు, జక్కవలు అన్నీ బతికేది. నిలువు గోడల గుంతలో ఏ కొంగా దిగలేదు. ఈ మాట కట్ట మీద కలిసిన ప్రతి ఒక్కరితో అంటున్నాను, ఇక్కడా రాస్తున్నాను.

ట్రాక్టరు దారి గూటికి నాలుగు బారల దూరంలో పడింది. గుడ్ల పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కడదామన్నాడు పిల్లవాడు. వద్దన్నాను. మనం పెట్టిన గుర్తును మనకంటే ముందు కాకి చదువుతుంది. ఇద్దరం ట్రాక్టరుకు ఎదురెళ్ళి నిలబడ్డాం. నడిపే అబ్బాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. దిగి వచ్చి, చూపిన చోట చూసి, "గుడ్లెక్కడమ్మా, అన్నీ రాళ్ళే కదా" అన్నాడు. ఇంకో అడుగు వెయ్యబోతుంటే పిల్లవాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పుడు కనిపించాయి అతనికి. కాసేపు మాట్లాడలేదు. తల పైన తీతువు అతని నెత్తిని తాకేంత కిందికి దూకి లేస్తోంది. "మా నాయన చెప్పేవాడు, దున్నేటప్పుడు ఇవి కనబడితే ఆ చోటు వదిలేసి దున్నాలని" అన్నాడు. తనే ట్రాక్టరు వెనక్కి తిప్పి, దూరంగా తుమ్మకంప రెండు మండలు లాగి పాత దారికి అడ్డం వేశాడు. తర్వాత వచ్చిన బళ్ళు కంప చూసి పక్క నుంచి పోయాయి. ఆ అబ్బాయి పేరు అడగడం మరిచిపోయాను.

ఆ వారమంతా రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కుక్కలు, ముంగిసలు, కాకులు. ఇంతమందిని దాటాలి నాలుగు గుడ్లు. ఒక రాత్రి మా మిద్దె మీదుగా తీతువు అరుస్తూ పోయింది. పక్క గదిలోంచి అత్తగారు పిలిచి, "చెరువులో నీ పిట్టేనా అది?" అన్నారు. అయి ఉండదు అత్తమ్మా, దానికి గుడ్లు వదిలి ఇంత దూరం వచ్చే తీరిక లేదు అన్నాను. "ఎన్నిరోజులకు పిల్లలవుతాయి?" అన్నారు. నాలుగు వారాలని చెప్పాను. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నేను తిరిగి రాగానే మొదటి మాట అదే: "అయ్యాయా?"

ఏప్రిల్ రెండో వారం ఒక సాయంత్రం వెళ్తే గుంట ఖాళీగా ఉంది. పెంకు ముక్క ఒక్కటీ లేదు. ఏ కుక్క పనో అని నా గుండె జారింది. పిల్లవాడు మాత్రం నేల వైపు కాదు, ఆకాశం వైపు చూశాడు. "పైన అరుస్తున్నాయి కదా మేడం. పిల్లలు లేకపోతే ఎందుకరుస్తాయి?" అన్నాడు. ఇద్దరం తుమ్మచెట్టు దాకా వెనక్కి వచ్చి కూర్చున్నాం. చాలాసేపటికి అరుపులు ఆగాయి. ఒక తీతువు మడుగు పక్కన దిగి, మెల్లగా ఏదో పలికింది. బీటలు తీసిన బురద పెంకు పక్కన మట్టిగడ్డ ఒకటి లేచి నడిచింది. తర్వాత ఇంకొకటి. పొడుగు కాళ్ళ మీద బొటనవేలంత ఒళ్ళు, మెడ వెనక తెల్లటి పట్టీ. నడుస్తాయి, ఆగుతాయి, మట్టిలో ఏదో పొడుస్తాయి. పెద్దది ఒక్క అరుపు అరిస్తే ఉన్నచోటే అణిగిపోయి మళ్ళీ మట్టిగడ్డలైపోతాయి. ఎండ వాలేదాకా లెక్కపెట్టాం. పిల్లవాడు మూడంటాడు, నాకు రెండే కనిపించాయి.

నా పుస్తకంలో ఆ రోజు ఇలా రాసుకున్నాను: నీరు తూము కింది రాయికి తగ్గింది. జక్కవలు లేవు. ఎర్రకాళ్ళ కొంగలు నాలుగు. తీతువులు రెండు, పిల్లలు రెండో మూడో. రేపు అత్తమ్మను తీసుకురావాలి.